అమావాస్య నాటి ముప్పై ఒక్క కోట్లు

గురువారం ఉదయం తొమ్మిదింబావుకి మా జనరల్ మేనేజరు శ్రీకాంత్ గారు నా బల్ల దగ్గరికి వచ్చి, కంప్యూటర్ పక్కన ఉన్న పంచాంగాన్ని రెండు వేళ్లతో, చచ్చిన బొద్దింకను ఎత్తినట్టు ఎత్తారు.

"పరబ్రహ్మం గారూ, ఇది ట్రెజరీయా, మ్యారేజ్ బ్యూరోనా?"

వెనక బల్లల దగ్గర ఇద్దరు నవ్వారు. నేను లేచి నిలబడ్డాను. ఆయన నాకంటే పదహారేళ్లు చిన్న. అయినా పై అధికారి.

"తిథి చూస్తున్నానండీ. ఇవాళ అమావాస్య."

"అయితే?"

"మన పెద్ద ఖాతాదారులంతా సినిమావాళ్లు కదండీ. అమావాస్య నాడు ఎవరూ పెద్ద మొత్తాలు కదపరు. అందుకని చేతిలో పెద్దగా ఉంచుకోనక్కర్లేదు. మిగులంతా పొద్దున్నే బయట ఇచ్చేయొచ్చు."

"మన రిస్క్ పాలసీ నూట పద్నాలుగు పేజీలు. అందులో అమావాస్య ఏ పేజీలో ఉంది?"

ఆ ఉదయమే ఆయన కింద సెల్లార్‌లో తన కొత్త కారుకి గుమ్మడికాయతో దిష్టి తీయించి పగలగొట్టించారు. ముక్కలు తొక్కకుండా పక్కనుంచి నడిచి పైకి వచ్చినవాణ్ని నేను. ఆ గుమ్మడికాయ ఏ పేజీలో ఉందని అడగవచ్చు. అడగలేదు.

"ఎనిమిది నెలల్లో రిటైరవుతున్నారని ఊరుకుంటున్నాను," అన్నారాయన పంచాంగాన్ని నా కుర్చీలో పడేస్తూ. "ఒక్క తప్పు, ఒకే ఒక్కటి దొరకనివ్వండి. సస్పెన్షన్ లెటర్ టైప్ చేసి నా డెస్క్‌టాప్ మీద పెట్టుకున్నాను. తేదీ వేయడమే మిగిలింది."

ఆయన వెళ్లాక నేను కూర్చున్నాను.

మా బ్యాంకు పేరు కళాపద్మ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకు. హెడ్డాఫీసు జూబ్లీహిల్స్‌లో, ఫిల్మ్‌నగర్‌కి వెళ్లే రోడ్డు మీద. కింది అంతస్తులో బ్రాంచి, పైన మేము. నా పని ఏమిటని బంధువులు అడిగితే ఒక్క ముక్కలో చెప్పడం కష్టం. ప్రతి బ్యాంకూ జనం దాచుకున్న డబ్బులో కొంత భాగాన్ని రిజర్వు బ్యాంకులోని తన ఖాతాలో ఉంచాలి. రోజు ముగిసేసరికి అందులో ఇంత ఉండి తీరాలని లెక్క ఉంటుంది. కొన్ని బ్యాంకులకు ఆ రోజు కాస్త ఎక్కువ మిగులుతుంది, కొన్నిటికి కాస్త తక్కువ పడుతుంది. మిగిలినవాళ్లు తగ్గినవాళ్లకు ఆ ఒక్క రాత్రికి అప్పిస్తారు. మర్నాడు వడ్డీతో సహా వెనక్కి వస్తుంది. దీనికి తాకట్టు లేదు, జామీను లేదు. స్క్రీన్ మీద రెండు పేర్లు, ఒక రేటు, అంతే. పేపర్లలో దీన్ని కాల్ మనీ అంటారు. సాయంత్రం ఏడింటికి మార్కెట్టు మూసేస్తారు. మా బ్యాంకు తరఫున పంతొమ్మిదేళ్లుగా ఆ ఇచ్చిపుచ్చుకోవడాలు చూసేది నేను.

కింద బ్రాంచిలో కృష్ణానగర్ నుంచి వచ్చిన మేకప్ మనిషి సామాను కోసం లక్ష రూపాయలు అడిగితే, ఇద్దరు జామీనుదారులను తీసుకురమ్మంటాం. మెట్లెక్కి పైకి వస్తే నేను నలభై కోట్లు ఒట్టి మాట మీద ఇస్తాను. ఇది ధర్మమా అని పూజ దగ్గర కూర్చున్నప్పుడు చాలాసార్లు అనుకున్నాను. పెద్దవాళ్ల మాట, పేదవాళ్ల మాట వేరువేరు తూకాలు తూగుతాయా అని.

ఆ రోజు తొమ్మిదిన్నరకి నలభై కోట్లు ఒక పెద్ద బ్యాంకుకి ఇచ్చాను. రేటు ఏడాదికి ఐదు నలభై శాతం. రాత్రి గడిస్తే యాభై తొమ్మిది వేల పైచిలుకు వడ్డీ. ఉండి తీరవలసిన మొత్తానికి పైన పదమూడు కోట్లు చేతిలో ఉంచుకున్నాను. అమావాస్యకి అది చాలా ఎక్కువ.

ఇక్కడ నా తప్పు చెప్పాలి. ముందురోజు నిర్మాత నాగసాయి గారు ఫోన్ చేశారు. ఆయన సినిమా వచ్చే వారం విడుదల. ఓటీటీ వాళ్లు ఇచ్చిన నలభై నాలుగు కోట్లు మా బ్యాంకులోనే పడ్డాయి. "చెన్నై ఫైనాన్షియర్‌కి పంపాలండీ, ఒకటి రెండు రోజుల్లో," అన్నారు. ఏ రోజని నేను అడగలేదు. రేపు అమావాస్య కదా, ఎల్లుండేలే అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆయనది భీమవరం దగ్గర ఊరు. కెమెరా ముందు కొబ్బరికాయ కొట్టడానికి కూడా నిమిషాలతో సహా ముహూర్తం పెట్టించుకునే మనిషి. అలాంటివాడు అమావాస్య నాడు నలభై నాలుగు కోట్లు పంపిస్తాడని నాకు కలలో కూడా రాదు.

మధ్యాహ్నం మూడు నలభైకి పంపించాడు.

బ్రాంచి మేనేజరు నాకు చెప్పకుండానే దాన్ని వదిలాడు. స్క్రీన్ మీద మా ఖాతా అంకె ఒక్కసారిగా పడిపోయింది. రెండుసార్లు లెక్కేశాను. ముప్పై ఒక్క కోట్ల లోటు. నాగసాయి గారికి ఫోన్ చేశాను.

"అయ్యో, మీకు చెప్పలేదాండీ? మాక్కాదు గానీ ఆ అరవవాళ్లకి అమావాస్యంటే మహా మంచి రోజంటండీ! కొత్త పద్దు అమావాస్య నాడే మొదలెడతారంట. ఇవాళ పంపితే తర్వాత సినిమాకీ ఇస్తానన్నాడు. మా ఆవిడ వద్దని గోల పెట్టింది. నేను స్నానం చేసి, దణ్ణం పెట్టుకుని పంపించేశానండీ." నవ్వారు. "ఏం, ఏవన్నా ఇబ్బందా?"

"లేదండీ," అన్నాను. ఇబ్బంది ఆయనది కాదు.

ఇచ్చిన నలభై కోట్లు మర్నాడు తప్ప వెనక్కి రావు. రిజర్వు బ్యాంకు కూడా బాండ్లు తాకట్టు పెట్టుకుని రాత్రికి అప్పిస్తుంది గానీ, మా మూలధనం నిష్పత్తి ఆ ఏడు కాస్త తగ్గడంతో ఆ తలుపు మాకు మూసి ఉంది. ఏడింటిలోపు ఇంకో బ్యాంకు ఎవరైనా మాట మీద ఇవ్వాలి. ఇవ్వకపోతే పంతొమ్మిదేళ్లలో మొదటిసారి మా ఖాతా లోటుతో రోజు ముగుస్తుంది. జరిమానా చిన్నదే. కానీ కళాపద్మకి రాత్రికి అప్పు పుట్టలేదన్న మాట తెల్లారేసరికి కృష్ణానగర్ టీ బండ్ల దాకా వెళ్తుంది. నాకు జరిగేది శ్రీకాంత్ గారి డెస్క్‌టాప్ మీద ఉండనే ఉంది.

ఆయన నాలుగున్నరకి వచ్చి నా వెనక నిలబడ్డారు. కూర్చోలేదు.

"ఎంత?"

"ముప్పై ఒకటి."

"వెరీ గుడ్," అన్నారు మెల్లగా. "మీ అమావాస్య చేసిన ఉపకారం. కానివ్వండి, అడుక్కోండి. నేను చూస్తాను."

ముంబయిలో నాలుగు పెద్ద బ్యాంకులకు ఫోన్ చేశాను. ఇద్దరు మా బ్యాంకుకి అప్పిచ్చేందుకు తమకు లిమిట్ లేదన్నారు. మూడోవాడు పేరు రెండుసార్లు చెప్పించుకుని, ఊరెక్కడని అడిగి పెట్టేశాడు. నాలుగోవాడు పొద్దున మా దగ్గర నలభై తీసుకున్నవాడే. "మీ దగ్గర తీసుకోవడానికి మాకు అభ్యంతరం లేదు. మీకు ఇవ్వడానికి మాత్రం మా కమిటీ ఒప్పుకోదు," అన్నాడు మర్యాదగా. శ్రీకాంత్ గారు ముక్కుతో నవ్వారు. చిన్న సహకార బ్యాంకులు రెండిటికి చేశాను. వాళ్ల దగ్గర కోటీ రెండు కోట్లు తప్ప లేవు.

ఐదు యాభై అయింది.

"ఇంకెవరు?" అన్నారు.

"జనమిత్ర ఉందండీ. టోలిచౌకి."

"జగదాంబ?" ఆయన ముఖం వెలిగింది. "చెయ్యండి, చెయ్యండి. ఇది నేను వినాలి." చెయ్యి చాపి ఫోన్ స్పీకర్ మీట ఆయనే నొక్కారు.

జగదాంబ గారు జనమిత్ర బ్యాంకులో నా సీటులాంటి సీటులో ఉంటారు. యూసుఫ్‌గూడ మనిషి. క్యాషియర్‌గా చేరి అంత దూరం వచ్చారు. పదకొండేళ్లు మేమిద్దరం ఒకరికొకరం ఇచ్చుకుంటూ పుచ్చుకుంటూ ఉన్నాం. ఎప్పుడూ ముఖాలు చూసుకోలేదు. మొన్న శ్రావణంలో, వరలక్ష్మీ వ్రతం శుక్రవారం సాయంత్రం ఆరుంబావుకి ఆమె ఫోన్ చేసి ఇరవై కోట్లు అడిగారు. నా దగ్గర ఇరవై ఎనిమిది ఖాళీగా ఉన్నాయి. దీపాలు పెట్టే వేళ. అందులోనూ వరలక్ష్మి శుక్రవారం. ఆ వేళప్పుడు డబ్బు గడప దాటించకూడదని చిన్నప్పటి నుంచి విన్న మాట. ఆ మాట ఆమెకు చెప్పడానికి సిగ్గేసింది. "చేతిలో ఏమీ లేదండీ," అన్నాను. ఆ రాత్రి వాళ్ల ఖాతా లోటు పడింది.

వారం తర్వాత సహకార బ్యాంకుల సమావేశంలో శ్రీకాంత్ గారు భోజనాల దగ్గర ఈ కథను జోకులా చెప్పారు. మా పంతులు లక్ష్మీదేవికి తాళం వేసి ఇరవై ఎనిమిది కోట్లు రాత్రంతా నిద్రపుచ్చాడని. ఆమె పక్క బల్ల దగ్గరే ఉన్నారట. అప్పటి నుంచి ఆమె నా ఫోన్ ఎత్తలేదు.

ఆ రోజు ఎత్తారు. బహుశా అమావాస్య కాబట్టి, నేనెందుకు చేస్తున్నానో తెలుసుకోవాలనిపించి ఉంటుంది.

"జగదాంబ గారూ, నేను పరబ్రహ్మాన్ని. కళాపద్మ నుంచి."

ఆవైపు కూడా స్పీకర్ పెట్టిన చప్పుడు.

"ఏంది? గట్టిగ చెప్పుండ్రి. గీడ మావోల్లు గూడ ఇంటున్నరు."

"ఒక రాత్రికి ముప్పై ఒక్క కోట్లు కావాలండీ."

"అబ్బో! ఇయ్యాల అమాస గదా పంతులు గారూ. మీ ఇంట్ల లక్ష్మి గడప దాటదంటిరి. యాడికి వోయిందీ మరి?"

ఆవైపు ఎవరో నవ్వారు. ఈవైపు శ్రీకాంత్ గారు నవ్వారు.

"పొరపాటైందండీ."

"మీ లక్ష్మికి శుక్రారం ఉంటది, దీపం ఉంటది, తిథి ఉంటది. మా టోలిచౌకి లక్ష్మికి ఏం లేదా? అమాస నాడు గూడ మీ ఇంటికి నడిచి రావాల్నా?"

"మీరు ఏమన్నా పడతాను. డబ్బు మాత్రం కావాలి."

"పడుడు ఎందుకు, ఒక ముచ్చట అడుగుత. జవాబు జెప్పుండ్రి. శ్రావణ శుక్రారం నేను ఫోన్ జేసినప్పుడు మీకాడ ఎంత ఉండె?"

శ్రీకాంత్ గారి నవ్వు ఆగింది. చటుక్కున వంగి మ్యూట్ నొక్కారు.

"చెప్పకండి. ఈ లైన్ రికార్డవుతుంది. రేటు మాట్లాడండి. ఎనిమిదైనా ఇస్తాం, ఎనిమిదిన్నరైనా ఇస్తాం. ఈమెకి కావలసింది అదే."

మ్యూట్ తీసి నేను ఆ మాటే అన్నాను. "రేటు మీరు ఎంత చెబితే అంతండీ. ఎనిమిదిన్నర అయినా."

"ఎనిమిదిన్నర ఇస్తరా? నాకు లెక్క రాదనుకుంటున్నరా? ఒక్క రాత్రికి ఇరవై ఆరు వేలు ఎక్కువ వస్తయి. గవి నా బ్యాంకుకు వోతయి, నాకు గాదు. నేను అడిగింది రేటు గాదు పంతులు గారూ. తాకట్టు లేకుంట ఇచ్చే పైస ఇది. మాట మీద ఇస్తరు. మీ మాట ఎసొంటిదో నేను సూసిన. గందుకే అడుగుతున్న. ఎంత ఉండె?"

శ్రీకాంత్ గారు వద్దని వేలు ఊపారు.

"ఇరవై ఎనిమిది," అన్నాను.

"నేనెంత అడిగిన?"

"ఇరవై."

"మీరేం జెప్పిండ్రు?"

"ఏమీ లేదని."

"మరి మీ పంచాంగంల అబద్ధం ఆడనీకి ఏ తిథి మంచిదని రాసి ఉన్నది?"

ఆవైపు ఈసారి ఎవరూ నవ్వలేదు.

"ఇనుండ్రి," అన్నారామె. గొంతులో వెటకారం పోయింది. వెటకారమే నయమనిపించింది. "ఆ శుక్రారం లోటు వడ్డందుకు నాకు రెండు ఇంక్రిమెంట్లు ఆపిండ్రు. పైసల కోసం సరిగ్గ ఎతకలేదని రాసిండ్రు నా ఫైల్ల. ఇరవై ఆరేండ్ల సర్వీసు నాది. మార్కెట్ల పైసలు ఉండె, జగదాంబ అడిగింది, నేనే లేవని అబద్ధం జెప్పిన అని మీ ఆఫీసు మెయిల్ల నుంచి మా జీఎమ్‌కి రాయిండ్రి. మెయిల్ వచ్చినంక డీల్ కొడత. ఆరున్నర దాంక సూస్త. అటెన్క వేరేటోల్లకు ఇస్త."

ఫోన్ పెట్టేశారు. గోడ గడియారంలో ఆరూ మూడు.

"రాయడానికి వీల్లేదు," అన్నారు శ్రీకాంత్ గారు.

"ఇంకెక్కడా పుట్టదండీ."

"పుట్టకపోతే పోనివ్వండి. సిస్టమ్ ఆలస్యంగా చూపించిందని రాద్దాం. జరిమానా కడదాం. మెయిల్ మాత్రం వద్దు." ఆయన మొదటిసారి నా పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "ఆ రోజు పొజిషన్ షీట్ మీద ఎవరి సంతకం ఉంది?"

అప్పుడు అర్థమైంది. రోజు చివర మా చేతిలో ఎంత మిగిలిందో చూపే కాగితం అది. ఇరవై ఎనిమిది కోట్లు పని లేకుండా పడున్నాయని ఆ సాయంత్రం చూసి సంతకం చేసింది ఆయన. "వరలక్ష్మి సెలవు పెట్టిందా?" అని నవ్వి మరీ చేశారు. తర్వాత బోర్డు అడిగితే తనకు తెలియదన్నారు.

"మీ పేరు రాయనండీ. నా అబద్ధం వరకే రాస్తాను."

"రేపు వాళ్లు షీట్ అడిగితే?"

"అడిగితే ఇవ్వాలి కదండీ."

"చూడండి, పరబ్రహ్మం." 'గారూ' పోయింది. "రాయకపోతే లోటు. దానికి సస్పెన్షన్. రాస్తే మార్కెట్‌లో అబద్ధం చెప్పానని రాతపూర్వకంగా ఒప్పుకున్నట్టు. దానికీ సస్పెన్షన్. రెండు దార్లలోనూ పోయేది నువ్వే. నన్నెందుకు లాగుతావు? పెద్ద భక్తుడివి కదా. అంత పుణ్యం కావాలంటే గుడికి వెళ్లి ఎక్కడైనా కుంకుమ పూజ చేయించుకో. ఇక్కడ చెయ్యకు."

నాకు భయం వేసింది. అది దాచను. ఎనిమిది నెలల జీతం, గ్రాట్యుటీ, అమ్మాయి చిన్మయి చదువుకి తీసుకున్న అప్పు, అన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి. ఇంకోవైపు ఆ ఇంక్రిమెంట్లు. ఇరవై ఆరేళ్లు పనిచేసిన మనిషి ఫైల్లో, నా అబద్ధం ఆమె బద్ధకంగా మారి కూర్చుంది. నేను దేవుడి పేరు మీద చేశాననుకున్న పని అది. దేవుడు నన్ను అబద్ధం ఆడమన్నాడా? 'ఈ వేళ ఇవ్వనండీ, మా ఆచారం' అని ఉంటే ఆమె నన్ను తిట్టుకుని ఇంకొకరిని వెతుక్కునేది. ఆచారం పాటించాను గానీ దాన్ని పైకి చెప్పే ధైర్యం లేకపోయింది. మరి నేను పాటించింది ఏమిటి?

మెయిల్ తెరిచాను. ఇంగ్లీషులో పెద్ద మాటలు నాకు రావు. నాలుగు వాక్యాలు రాశాను. ఫలానా తేదీ, ఫలానా వేళ ఆమె అడిగారు. నా దగ్గర ఉన్నాయి. లేవని చెప్పాను. తప్పు నాది, ఆవిడది కాదు.

"పంపావంటే ఇప్పుడే లెటర్ ప్రింట్ చేస్తాను," అన్నారు శ్రీకాంత్ గారు లేచి నిలబడుతూ.

"అది పొద్దుటి నుంచీ సిద్ధంగానే ఉంది కదండీ."

ఆరూ ఇరవై రెండుకి పంపించాను.

ఆయన తలుపు ధడాలున వేసుకుని వెళ్లిపోయారు. హాల్లో మిగతావాళ్లు సంచులు సర్దుకుంటూ నా వైపు చూడకుండా నడిచారు. ఆరున్నర దాటింది. ఫోన్ మోగలేదు. నేను విష్ణు సహస్రనామం మొదలుపెట్టి నూరు నామాలు కూడా దాటకముందే మర్చిపోయాను. చిన్నప్పటి నుంచీ నోటికి వచ్చింది.

ఆరూ ముప్పై ఆరుకి మోగింది.

"సదివిన," అన్నారు జగదాంబ గారు. "ఇంగ్లీషు జర గట్లనే ఉన్నది. మా జీఎమ్‌కి సమజైందట. రాసుకోండ్రి. ముప్పై ఒకటి. రేటు ఐదు నలభై."

"మీరు ఎక్కువ అడుగుతారనుకున్నానండీ."

"ఎక్కువ తీస్కుంటె మీ ఉత్తరం నేను కొన్నట్టయితది. నేను కొనలే. గుంజుకున్న. రేపు పదకొండు లోపల నా పైసలు నాకు రావాలె. ఒక్క నిమిషం లేటయినా రిజర్వు బ్యాంకుకు నేనే ఫోన్ జేస్త."

"వస్తాయండీ. ధన్యవాదాలు."

"అవి మీకాడనే పెట్టుకోండ్రి."

ఆరూ నలభై ఒకటికి స్క్రీన్ మీద డీల్ ఖాయమైంది. మా ఖాతా అంకె మళ్లీ ఉండవలసిన చోటికి వచ్చింది. నేను చూసిన వేల డీల్స్‌లో అదొకటి. చూడటానికి ఏ తేడా లేదు.

ఇంటికి వెళ్లేసరికి మా ఆవిడ త్రిపురసుందరి వంటింటి గట్టు మీద అరటి దొప్పలు కోస్తూ ఉంది. మర్నాడు పోలి పాడ్యమి. తెల్లవారుజామున దీపాలు నీళ్లలో వదలాలి. కాళ్లు కడుక్కుని, పీట మీద కూర్చుని జరిగిందంతా చెప్పాను. మధ్యలో ఆమె కత్తి ఆపలేదు. శ్రావణ శుక్రవారం సంగతి దగ్గర మాత్రం ఆపింది.

"ఆ రోజు మనింట్లో వ్రతం కదూ?"

"అవును. అందుకే..."

"ఆ సాయంత్రం తొమ్మిది మంది ముత్తైదువలకి వాయనం ఇచ్చి పంపాను. దీపాలు పెట్టాకే. రవిక గుడ్డలు, పసుపు, శనగలు, దక్షిణ. అవన్నీ మన గడప దాటే కదా వెళ్లాయి?"

"అది వేరు, ఇది వేరు."

"ఏం వేరు? మనింటికొచ్చిన ఆడమనిషిని ఉత్తచేతులతో పంపకూడదని మా అమ్మ నాకు నేర్పింది. మీకెవరు నేర్పారో ఇది." కత్తి మళ్లీ కదిలింది. "అప్పుడే నాకో మాట చెబితే, ఇచ్చేయండి అనేదాన్ని. చెప్పరుగా. ఆఫీసు విషయాలు నాకేం తెలుస్తాయని!"

నాకు కోపం వచ్చింది. ఆమె అన్నదాంట్లో తప్పు వెతికాను. దొరక్కపోయేసరికి కోపం ఇంకాస్త పెరిగింది. భోజనం వద్దని లేచాను. తర్వాత ఆకలేసి వచ్చి తిన్నాను. ఆమె వడ్డించింది.

శుక్రవారం పదిన్నరకి రాహుకాలం మొదలైంది. పెద్ద బ్యాంకు నుంచి మా నలభై కోట్లు పదీ ముప్పై ఎనిమిదికి వచ్చాయి. శ్రీకాంత్ గారు అప్పటికే నా వెనక నిలబడి ఉన్నారు. చేతిలో కవరు.

"రాహుకాలం. శుక్రవారం. లక్ష్మి బయటికి. పన్నెండు దాకా ఆగుతారా?" అన్నారు.

నా వేలు ఒక్క క్షణం ఆగిందన్నది నిజం. అలవాటు. పదీ నలభై ఒకటికి ముప్పై ఒక్క కోట్లు, ఒక రాత్రి వడ్డీ నలభై ఐదు వేల ఎనిమిది వందల అరవై మూడు రూపాయలు జనమిత్రకి పంపాను. రెండు నిమిషాలకి ఫోన్ మోగింది.

"వచ్చినయి," అని పెట్టేశారు జగదాంబ గారు.

శ్రీకాంత్ గారు కవరు బల్ల మీద పెట్టారు. తెరిచాను. సస్పెన్షన్ కాదు. ట్రెజరీ నుంచి తప్పించి, యూసుఫ్‌గూడ బ్రాంచిలో అప్పుల కౌంటరుకి బదిలీ. వెంటనే చేరాలి.

"సస్పెన్షన్ అన్నారు కదండీ?"

"సస్పెండ్ చేస్తే ఎంక్వైరీ పెట్టాలి. ఎంక్వైరీ అంటే షీట్లన్నీ తీస్తారు." ఆయన కిటికీలోంచి బయటికి, ఎదురుగా ఉన్న సినిమా హోర్డింగు వైపు చూస్తూ అన్నారు. "ఎనిమిది నెలలు అక్కడ నోరు మూసుకుని కూర్చుంటే మీ గ్రాట్యుటీ మీకు వస్తుంది. అర్థమైందా?"

అర్థమైందన్నాను. సంతకం పెట్టి ఆయన కాపీ ఆయనకి ఇచ్చాను.

సామాను సర్దుతూ ఉంటే మెయిల్ వచ్చింది. జనమిత్ర జనరల్ మేనేజరు నుంచి. జగదాంబ గారి ఇంక్రిమెంట్ల విషయం సోమవారం పదకొండింటికి వాళ్ల కమిటీ ముందుకు వస్తుందట. నేను స్వయంగా వచ్చి, ఉత్తరంలో రాసింది నోటితో చెప్పాలి. ఆ తేదీ పొజిషన్ షీట్ నకలు వీలైతే తీసుకురావాలి.

శ్రీకాంత్ గారు నా భుజం మీదుగా చదివారు.

"వెళ్లావంటే ఆ కవరు చింపి సస్పెన్షన్‌ది ఇస్తాను. ఆలోచించుకో."

"మీరూ రావచ్చు కదండీ," అన్నాను. వెటకారానికి కాదు. ఆయన వస్తే ఆమెకు మేలు జరుగుతుందని నిజంగా అనిపించింది.

ఆయన నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూసి వెళ్లిపోయారు.

వస్తానని జవాబు రాసి పంపాను. తర్వాత యూసుఫ్‌గూడ బ్రాంచికి ఫోన్ చేసి, మధ్యాహ్నం వచ్చి చేరతాననీ, సోమవారం మాత్రం సెలవు కావాలనీ చెప్పాను.

"ఏంది సార్, జాయిన్ గాకముందుకే లీవా?" అని కసిరాడు అక్కడి మేనేజరు. "గీడ లోన్ల కౌంటర్ల జనం లైన్ల నిలవడ్డరు. ఎందుకు లీవు?"

"టోలిచౌకిలో ఒక పనుందండీ," అన్నాను. "వాయిదా వేసేది కాదు."